ధర్మసాగర్ దిగుడులో నా చేతులు

నేను సైకిల్ మెకానిక్‌ని. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక సేటు అద్దె సైకిళ్ల దుకాణంలో పదిహేనేళ్లు పనిచేశాను. నా ఎడమచేతి చూపుడువేలి కొస గొలుసులో పడి తెగింది కూడా అక్కడే. సైకిల్ ఎక్కడ చప్పుడు చేసినా దానికి ఒక నట్టో, బోల్టో కారణమై తీరుతుంది. ఎవరికైనా గాలి సోకిందంటే నేను నవ్వి లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఈ ఒక్క సంగతిని మాత్రం ఎన్నిసార్లు విప్పి చూసినా కారణం దొరకలేదు.

డెబ్బైల చివరి మాట. ఏటా ఎండలు ముదరకముందే ఊళ్లోని సైకిల్ దుకాణాల వాళ్లు కలిసి పోటీ పెట్టేవాళ్లు. హన్మకొండ నుంచి ధర్మసాగర్ వెళ్లి తిరిగి రావాలి. తిరిగొచ్చే దారిలో ఒక గుట్ట దిగుడు ఉండేది. కంకర రోడ్డు నిటారుగా దిగి, అడుగున ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. మలుపులోనే వాగు మీద కట్టిన రాతి మోరీ, దాని పిట్టగోడ. గెలుపోటములు ఆ దిగుడులోనే తేలిపోయేవి.

వరుసగా మూడేళ్లు నేనే గెలిచాను. సేటు దగ్గర వంపు హ్యాండిల్ ఉన్న రేసు సైకిల్ ఒక్కటే ఉండేది. దాన్ని నేను తప్ప ఇంకొకరు ముట్టేవాళ్లు కాదు. ఊళ్లో నాకున్న పేరంతా ఆ సైకిల్‌దే.

మల్లేశం ధర్మసాగర్ నుంచి పాలు తెచ్చి హోటళ్లలో పోసేవాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. రెండు నిండు క్యాన్లతో వాడు ఆ గుట్ట దిగడం చూసి ముచ్చటపడి నేనే పిలిచి నేర్పాను. వేగం మలుపుకు ముందే తగ్గించాలి, మలుపులో బ్రేకు ముట్టకూడదు. వెనక బ్రేకు అందుకున్నాకే ముందు బ్రేకు. నడుము సీటు వెనక్కి జరపాలి. మలుపు తిరిగే వైపు పెడల్ పైన ఉండాలి, లేకపోతే నేలకు తగిలి బోర్లాపడతాం. చూపు చక్రం మీద కాదు, దారి ఎటు తిరుగుతుందో అటు ఉండాలి. ఒక నెలలో అన్నీ నేర్చుకున్నాడు. రెండో నెలలో నన్ను దాటిపోయాడు.

దాచుకోవడమెందుకు, నాకు కడుపు మండింది. నేను బ్రేకు పట్టే చోటు దాటి ఇంకో పది గజాలు వెళ్లాక గానీ వాడు పట్టేవాడు కాదు. మా ఇంటికి వస్తే మా ఆవిడ అడగకుండానే వాడికి ఇంకో రొట్టె వేసేది. అదీ ఓర్వలేకపోయాను. పొగరుబోతు అయినా బాగుండేది, నాలుగు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. వాడు హోటల్లో పదిమందిలో కూర్చుని, ఇదంతా అన్న నేర్పిన విద్యే అని చెప్పేవాడు.

నాలుగో ఏడు సేటు రేసు సైకిల్ మల్లేశానికి ఇవ్వమన్నాడు. నాకు వయసైపోతోందట. అప్పటికి నాకు ముప్పై రెండు. ఆ చేత్తోనే కొత్త బ్రేకు రబ్బర్లు కూడా వేయమన్నాడు.

ఆ సైకిల్ బ్రేకు రబ్బరు ఒక చిన్న ఇనుప డొప్పలో కూర్చుంటుంది. డొప్పకు ఒక కొస మూసి ఉంటుంది, ఇంకో కొస తెరిచి ఉంటుంది. మూసిన కొస ముందుకు రావాలి. తిప్పి బిగిస్తే చూడటానికి తేడా తెలియదు, మెల్లగా నొక్కితే బ్రేకు పనిచేస్తుంది. గట్టిగా నొక్కితే మాత్రం తిరిగే చక్రం రబ్బరును బయటికి లాగి పారేస్తుంది. పోటీకి ముందురోజు మధ్యాహ్నం నేను నాలుగు డొప్పలనూ తిప్పి బిగించాను. పొరపాటున జరిగిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగూ పొరపాటున తిరగవు.

వాడు చావాలని కోరుకోలేదు. పడాలి, మోకాళ్లు చెక్కుకుపోవాలి, సైకిల్ మళ్లీ నా చేతికి రావాలి. అంతవరకే ఆలోచించాను. మోరీ సంగతి ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున సేటు నన్ను గుట్ట మీద నిలబెట్టాడు. నా చేతికి ఎర్రగుడ్డ ఇచ్చి, దిగుడులోకి వెళ్లే బండ్లను ఆపమన్నాడు. ఒక ముసలాయన ఎడ్లబండిని నా పక్కనే ఆపాను. ఇంతలో అందరికంటే ముందు మల్లేశం వచ్చాడు. నన్ను చూసి చెయ్యెత్తి నవ్వుకుంటూ దిగుడులోకి వెళ్లిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు మోరీ. ఎర్రగుడ్డను రెండు పిడికిళ్లలో బిగించాను.

దిగుడు చివర వాడు బ్రేకులు పట్టడం, చక్రాల దగ్గర నల్లని ముక్కలు ఎగిరిపడటం పైనుంచి చూశాను. ఆ వేగంతో వాడు రాళ్లకు కొట్టుకోవాలి. కానీ సైకిల్, బ్రేకులు పట్టినట్టే మెల్లగా నెమ్మదించింది. ఎడమకు వాలి, మలుపు తిరిగి, కనబడకుండా పోయింది.

అదే క్షణంలో నా అరచేతులు భగ్గుమన్నాయి. విప్పి చూస్తే రెండు చేతులకూ అడ్డంగా రిమ్ము వెడల్పున నల్లటి కాలిన గీతలు, చుట్టూ ఉబ్బిన బొబ్బలు. ఎర్రగుడ్డకు మాత్రం మసి మరక కూడా లేదు. నువ్వు అడుగైనా కదలలేదని, పిడికిళ్లు బిగించుకుని బొమ్మలా నిలబడ్డావని ముసలాయన అన్నాడు. దవాఖానలో కంపౌండర్, వేగంగా జారే తాడు ఏదైనా పట్టుకున్నావా అని అడిగాడు. అవునన్నాను.

మల్లేశమే గెలిచాడు. చివర కాలు నేలకు రాసి ఆపాడట. ఆ సాయంత్రమే కట్టు కట్టిన చేతులతో, ఎవరూ చూడకముందే డొప్పలు సరిగ్గా తిప్పి వేరే రబ్బర్లు వేశాను. మల్లేశం నా కట్లు చూశాడు, ఏమైందని అడగలేదు. వాడికేమీ తెలియదనుకున్నాను.

తర్వాత పదేళ్లపాటు వాడు బ్రేకులు నా దగ్గరే వేయించుకున్నాడు. ఇంకే మెకానిక్‌నీ ముట్టనిచ్చేవాడు కాదు. రేసు సైకిల్ వాడిదే అయింది, పేరూ వాడిదే అయింది. నా కళ్లమంట తగ్గిందని చెబితే అబద్ధమే.

ఎనభైల చివర ఊళ్లో మోపెడ్లు పెరిగాయి. సేటు అద్దె దుకాణం మూసేశాడు. ఆఖరి రోజు మల్లేశం వచ్చి జేబులోంచి ఒక పాత బ్రేకు రబ్బరు తీసి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు డొప్ప ముందు కొసలోంచి సగం బయటికొచ్చి ఇరుక్కుని మిగిలిన ముక్కట. దాన్ని చూడగానే అంతా తెలిసిపోయిందట.

"ఎవ్వరికీ ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"తిప్పి బిగించింది నువ్వే. ఎన్కకెల్లి వచ్చి రిమ్మును పట్టింది గూడ నువ్వే. కొస లేని వేలు నా కండ్లతోని చూసిన అన్నా. ఒకటి చెప్తే ఇంకోటి గూడ చెప్పాలె గదా. రెండోది ఎవడు నమ్ముతడు? అందుకే రెండూ చెప్పలే."

మొదటిది ఎందుకు చేశానో నాకు తెలుసు. రెండోది ఎవరు చేశారో, ఎలా చేశారో ఇన్నేళ్లయినా అంతు పట్టలేదు. గుట్ట మీద నిలబడ్డ నాలో అప్పుడు భయమే ఉంది, వాడిని కాపాడాలన్న మంచితనం ఉందో లేదో ప్రమాణం చేసి చెప్పలేను. వాడు మాత్రం ఆ చేతులు నావేనని గట్టిగా నమ్మాడు. నా గురించి నాకే లేని ఆ నమ్మకం వాడికి ఉన్నందుకు, దుకాణం మూసిన ఆ రోజు కూడా వాణ్ణి చూసి కుళ్లుకున్నాను.