ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ లేదు

కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి బటన్ నొక్కగానే దాని ఫ్యాన్లు తిరిగాయి, అంచున రంగు లైట్లు వెలిగాయి. మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అని ఒక మాట చెప్పి పడుకుంది.

నేను మెదక్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. కొన్నేళ్లు ఒక ఫొటో స్టూడియోలో పనిచేసి, ఈ మధ్యే బయటికొచ్చి ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకున్నాను. సొంతంగా దొరికిన మొదటి ఆర్డరు చేగుంటలో ఎరువుల దుకాణం నడిపే ఒకాయనది. మర్నాడు ఆయన చెల్లెలి పెళ్లి. నిశ్చితార్థం వీడియోను ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద వేయిస్తానని ఆయన చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. అది పడకపోతే ఆ చుట్టాలందరూ మళ్లీ స్టూడియోకే పోతారు. నేనూ పోతాను, ఉద్యోగం అడగడానికి.

ఎడిటింగ్ అయిపోయింది. చివరి ఫైలు తయారు కావడం ఒక్కటే మిగిలింది. పాత కార్డు సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోయేది. అందుకే హైదరాబాద్ పోయి కొత్తది తెచ్చాను. పాతదాన్ని ఆ షాపులోనే మార్పిడికి ఇచ్చేశాను. కార్డు లేకపోతే నా కంప్యూటర్ తెర మీద ఏమీ చూపించలేదు. అంటే, వెనక్కి వచ్చే దారిని కూడా షాపులోనే వదిలి వచ్చానన్నమాట.

కార్డు తీసి మళ్లీ పెట్టాను. కరెంటు తీగ గట్టిగా నొక్కాను. ర్యామ్ తీసి పెట్టాను. మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ పీకి, కాసేపు ఆగి పెట్టాను. కార్డును ఇంకోసారి తీసి, ఈసారి గౌరవంగా పెట్టాను. ఫ్యాన్లు తిరిగాయి.

“గాలి మంచిగనే వస్తుంది గదా బిడ్డా,” అంది అమ్మ, గుమ్మంలో నిలబడి.

“గాలి కోసం తేలేదమ్మా.”

షాపతనికి ఫోన్ చేశాను.

“మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టిండ్రా సార్?”

“కార్డుకే.”

“అయితే మదర్‌బోర్డుల బయాస్ అని ఒక ప్రోగ్రామ్ ఉంటది, గది అప్‌డేట్ చేయుండ్రి. తెర మీద సెట్టింగ్ ఒకటొస్తది.”

“తెరే వస్తలేదు కదా భాయ్.”

“గదొక్కటే ప్రాబ్లమ్ సార్. మిగతాదంతా ఈజీ. కాదంటే కార్డు పట్టుకొని రాండ్రి, చెక్ చేస్తం.”

మానిటర్‌దే తప్పేమోనని మా ఇంటి హాల్లోని టీవీ తెచ్చి తగిలించాను. సీరియల్ మధ్యలో టీవీ లేచిపోవడం అమ్మకు నచ్చలేదు. టీవీ కూడా ‘నో సిగ్నల్’ అనే అంది. కాకపోతే ఇంకా పెద్ద అక్షరాల్లో.

అంతలో చేగుంట నుంచి ఫోన్.

“తమ్మీ, వీడియో యాడిదాంక వచ్చింది?”

“ఆఖరికొచ్చింది అన్నా.”

“పిలగాని మేనమామ గూడ వస్తుండు. ఆయనకు కెమెరాలు, గిమెరాలు అన్నీ తెలుసు. జర పరువు నిలబెట్టాలె.”

నిలబెడతానన్నాను. ఎవరి పరువో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక కుదరదనుకుని, హైదరాబాద్ బస్సెక్కి కార్డును షాపతని మొహాన కొట్టాలని నిర్ణయించుకున్నాను. అప్పటికి షాపు తెరిచుంటుందా, తెరిచున్నా రాత్రిలోపు తిరిగొస్తానా అన్నవి ఆలోచించే స్థితిలో లేను. కార్డును డబ్బాలో పెడుతుంటే అమ్మ దగ్గరికొచ్చింది.

“వాపస్ ఇస్తున్నవా? ఇచ్చేటప్పుడు పసుపు తుడవాల్నా బిడ్డా? వాళ్లేమన్నా అంటరా?”

“ఏ పసుపు?”

“నువ్వు స్నానానికి పోయినప్పుడు దేవుని కాడ పెట్టి మొక్కిన. కొత్త సామాను గదా, ఉత్తగ ఎట్ల వాడతరు?”

“యాడ పెట్టినవ్?”

“గా కింద బంగారం లెక్క మెరుస్తలేదా? గక్కడ. కుంకుమ పెడ్తె నువ్వు లొల్లి చేస్తవని ఒట్టి పసుపే పెట్టిన.”

కార్డును వెలుతురులోకి పట్టుకున్నాను. మదర్‌బోర్డులోకి దిగే బంగారు రంగు గీతల మీద పసుపు ఎండి అతుక్కుపోయి ఉంది. రంగులో రంగు కలిసిపోయి, అన్నిసార్లు తీసి పెట్టినా నాకు కనబడలేదు. కుంకుమ పెట్టి ఉంటే మొదటిసారే కనిపెట్టేవాడిని. నా మీద గౌరవంతో మానేసింది.

“అమ్మా, గక్కడ పెడితే కరెంటు ఎట్ల పోతది?”

“పసుపు పెడ్తె ఖరాబైతదా? లారీలకు పెడ్తలేరా?”

“లారీకి ముందర పెడతరు. ఇంజన్ల పెట్టరు.”

“దీనికి ముందర ఏదో, ఎనక ఏదో నాకేం ఎర్క? నువ్వు జర చెప్పిపోవాలె.”

మెడికల్ షాపు నుంచి స్పిరిట్, దూది తెచ్చాను. గీతలను ఒక్కొక్కటిగా తుడిచాను. నేను తీసి పెట్టిన ప్రతిసారీ కొంత పసుపు మదర్‌బోర్డు సందులోకి కూడా దిగింది; దాన్ని కొత్త బ్రష్షుతో గీకాను. దూది పచ్చబడింది, వేళ్లు పచ్చబడ్డాయి. స్పిరిట్ ఆరాక బటన్ నొక్కి, మానిటర్ వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

“వచ్చింది,” అంది అమ్మ. “ఇగ టీవీ హాల్ల పెట్టు.”

పొద్దు గూకేలోగా ఫైలు తయారైంది.

మర్నాడు ఫంక్షన్ హాల్లో వీడియో మొదలయ్యే సమయానికి పెళ్లికొడుకు తరఫు వాళ్లంతా భోజనాల దగ్గరున్నారు. ఎరువుల దుకాణం ఆయన బంతుల మధ్య తిరుగుతూ, “జర వచ్చి చూడుండ్రి, మళ్ల తిందురు” అని బతిమాలాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ వేయించాడు. ఈసారి కొందరు చేతిలో ఐస్‌క్రీమ్ కప్పులతో వచ్చి నిలబడ్డారు. కెమెరాలన్నీ తెలిసిన మేనమామ మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూసి, “క్లియర్‌గున్నది” అన్నాడు.

ఆ మాట వినగానే ఎరువుల దుకాణం ఆయన నా దగ్గరికొచ్చాడు. మొహం మాత్రం అంత సంతోషంగా లేదు.

“మంచిగనే ఉన్నది తమ్మీ. గని మొత్తం వీడియోల నేను ఒక్కకాడనే కనబడ్డ. గది గూడ ఎనక నుంచి.”

నిన్నంతా తెర మీద ఏదో ఒకటి కనబడితే చాలని మొక్కిన మనిషిని నేను. ఎవరు ఎటు నుంచి కనబడాలన్న దాకా నా కోరికలు పోలేదు.

“మా బామ్మర్ది పెండ్లి గూడ ఉన్నది. గది నువ్వే చేయాలె,” అన్నాడు. “గప్పుడు నన్ను జర ముంగట చూపెట్టు.”

సరే అన్నా, అన్నాను.