పేరు పొడుగని కొన్న కిట్టు

2000 సంవత్సరం మొదట్లో సింగపూర్‌లోని ఒక ఇంటర్నెట్ అంగడిలో నిబంధనల అధికారిగా చేరాను. ఆఫీసు పాయా లేబర్ అనే పేటలో. అంతకుముందు ఇండియాలో ఆయుధాల కర్మాగారంలో తనిఖీ ఇంజినీరుగా పనిచేసి, ముందుగానే విరమణ తీసుకున్నాను. ఏ వస్తువు ఏ దేశంలోకి రావచ్చు, ఏది రాకూడదు అని చూసి చెప్పడం కొత్త ఉద్యోగం. ఆ రోజుల్లో కంపెనీ పేరు చివర డాట్‌కామ్ ఉంటే చాలు, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. మావాళ్లు అమెరికాలోని ఒక వేట, క్రీడాసామగ్రి వ్యాపారి కేటలాగును గంపగుత్తగా కంప్యూటర్లలోకి దింపుకున్నారు. నేను చూసేదాకా సైటులో పెట్టవద్దన్నాను. వచ్చే వారమే సైటు తెరవాలి, తర్వాత చూడొచ్చు అన్నారు. ఆ మాట విని విని అప్పటికే విసిగిపోయి ఉన్నాను.

మురళి మా టెస్టరు. గుంటూరు వైపు కుర్రాడు, హౌగాంగ్‌లో అద్దె ఫ్లాటు. భార్య శైలజ ఏడో నెల గర్భిణి. సైటు తెరవబోయే ముందు టెస్టర్లు తమ సొంత పేరుతో, సొంత చిరునామాకు నిజంగానే ఒక వస్తువు తెప్పించుకుంటారు. ఆర్డరు నుంచి పార్సిల్ గుమ్మంలోకి వచ్చేదాకా అన్నీ సవ్యంగా సాగాయా అని చూడటానికి. ఈ జాతికి ఒక అలవాటుంది. సైటును ఎక్కువ ఇబ్బంది పెట్టేదేదో వెతికి మరీ దాన్నే ఎంచుకుంటారు. మురళి కేటలాగులోని పేర్ల అక్షరాలన్నీ కంప్యూటరు చేత లెక్కగట్టించి, అన్నిటికంటే పొడుగు పేరున్న సరుకు ఆర్డరిచ్చాడు. అంత పేరు తెర మీద పూర్తిగా పడుతుందా లేదా అన్నదే అతని గొడవ. అదేమిటో అతనికి అక్కర్లేదు.

అది రైఫిల్‌కు బెల్టు అమర్చే కిట్టు. పార్సిల్ విమానాశ్రయంలో ఆగిపోయింది. మర్నాడు పోలీసులు మురళిని తీసుకెళ్లారు.

సైన్యం వాడే మెషిన్‌గన్‌కు తూటాలు పొడవాటి బెల్టు మీద వరసగా అందుతాయి. పౌరులు కొనుక్కునే రైఫిల్‌కు మ్యాగజైన్ అనే చిన్న పెట్టెలోంచి అందుతాయి. పెట్టె స్థానంలో బెల్టు పట్టేలా మార్చేదే ఈ కిట్టు. ఆచరణలో పనికొస్తుందా అంటే, పెద్దగా రాదు. మామూలు రైఫిల్ గొట్టం అంత వేడికి తట్టుకోదు. బెల్టు కాస్త మెలిపడితే తూటా ఇరుక్కుంటుంది. బరువు సంగతి సరేసరి. అసలు మెషిన్‌గన్లకే బెల్టు దగ్గర కర్మాగారంలో మేం పడ్డ తిప్పలు నాకు తెలుసు.

చట్టం సంగతి వేరు. మీట ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలినంతకాలం, అది పెట్టెలోంచి వచ్చిందా బెల్టులోంచి వచ్చిందా అని అమెరికా కేంద్ర చట్టం పట్టించుకోదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం ఒప్పుకోవు. సింగపూర్‌లో అయితే లైసెన్సు లేకుండా తుపాకీ భాగం తెప్పించుకోవడమే నేరం. శిక్ష ఎంత కఠినంగా ఉంటుందో అక్కడ బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పోలీసులు మా కంపెనీని సాంకేతిక అభిప్రాయం అడిగారు. రాయవలసినవాణ్ణి నేను. మా మేనేజరు స్థానికుడు, మంచివాడే, భయపడిపోయాడు. “కెనాట్ వర్క్ అని రాసెయ్ లా” అని, సింగపూర్ వాళ్ల అలవాటు ప్రకారం చివర ‘లా’ తగిలించి, నా బల్ల చుట్టూ తిరిగాడు. సాయంత్రం శైలజ ఆఫీసుకు వచ్చింది. అది సరిగ్గా పనిచేయదని ఆమెను ఊరడించడానికి నేనే అన్నాను.

“మరింకేం అంకుల్, ఆ ముక్కే వాళ్లకీ చెప్పండి. పనికిమాలిన ఇనప సామాను, అంతే అనండి. మీ ఒక్క మాటతో మా ఆయన ఇంటికొచ్చేస్తాడు.”

అసలు కష్టం అక్కడే వచ్చింది. ఆ మాట అబద్ధం కాదు. కానీ పోలీసులు అడిగింది అది కాదు. ఇది తుపాకీ భాగమా కాదా అని అడిగారు. ఆమె ముఖం చూసి నాకు చాలా బాధ కలిగింది. అయినా మాట ఇవ్వలేదు.

అభిప్రాయం రాసి పట్టుకెళ్లి, స్టేషన్లో ఇన్‌స్పెక్టర్‌తో ఇది తుపాకీ భాగమేనని చెప్పాను. నాసిగా పనిచేస్తుందనీ, అందువల్ల చట్టానికి తేడా రాదనీ, తెప్పించినవాడికి ఇదేమిటో తెలియదనీ కూడా చెప్పాను. చివరి మాట ఆయన నమ్మినట్టు లేదు. మురళిని పిలిపించి, పార్సిల్ పెట్టె ముందుపెట్టి, ఇదేమిటో చెప్పమన్నాడు. మురళి లోపలి సామాను వంక చూడనేలేదు. పెట్టె మీది చీటీ చదవడం మొదలుపెట్టాడు. చదివి, నా వైపు తిరిగి తెలుగులోకి దిగిపోయాడు.

“సార్, చూశారా, మన సైట్లో పేరు సగానికే తెగిపోయింది. ఇక్కడ చివర్న ‘అమెరికా బయటికి పంపరాదు’ అనుంది. పేరు కట్ అయిపోతోందని నేను ముందే చెప్పానండీ. చిన్న బగ్గులే, తర్వాత చూద్దాం అన్నారు.”

అతనేమన్నాడని ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగాడు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన చీటీ తనూ ఒకసారి చదువుకుని పెట్టె మూసేశాడు.

అతని దృష్టంతా పేరు మీదేనని నమ్మకం కుదిరినట్టుంది, కేసు పెట్టలేదు, హెచ్చరించి వదిలేశారు. మురళికి అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చిన వర్క్ పాస్ మాత్రం రద్దయింది. అది వేరే కార్యాలయం పని, వాళ్లు కారణాలు చెప్పరు. కాన్పుకు ఇక్కడి ఆసుపత్రిలో చేసుకున్న ఏర్పాట్లన్నీ వదిలేసి దంపతులు ఇండియాకు వెళ్లిపోయారు. విమానాశ్రయంలో మురళి చెయ్యి కలిపాడు. శైలజ నాతో మాట్లాడలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే పాస్ మిగిలేదని ఆమె నమ్మకం. మిగిలేదేమో కూడా. నేను వాదించలేదు.

వస్తువు పనిచేస్తుందా అన్నది ఇంజినీరు ప్రశ్న. దగ్గర ఉంచుకోవచ్చా అన్నది చట్టం ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదాన్ని దాటలేం. ఈ సంగతి నాకు కర్మాగారంలోనే తెలుసు. కొత్తగా తెలిసింది ఒకటే. ఆ కంపెనీలో పేరు పూర్తిగా కనబడుతోందా అని, అడగవలసిన ప్రశ్నను వేళకు అడిగినవాడు మురళి ఒక్కడే, ఉద్యోగం పోయిందీ అతనొక్కడికే. పేరు తెగే ఆ లోపాన్ని, కంపెనీ మూతబడేదాకా, ఎవరూ సరిచేయలేదు.