బోరింగు చప్టా కింద కోడి

ఒడ్డుపేటలో ఏ గోడ పగిలినా తిట్లు మాత్రం శ్రీరంగం మేస్త్రికే. శబరి నది ఒడ్డున, కొంటా బజారుకు సైకిలు మీద పోయేంత దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో పక్కా ఇళ్ళన్నీ అతను కట్టినవే. కట్టిన రోజున కొత్త పంచె పెట్టి పంపినవాళ్ళే, పగుళ్ళు మొదలయ్యాక, సిమెంటు మెక్కాడని నోరు పారేసుకున్నారు.

సిమెంటు మెక్కే మనిషా అతను! కిరండూల్లో ఇనప గని క్వార్టర్లు లేస్తున్నప్పుడు ఆంధ్రా మేస్త్రుల చేతికింద పన్నెండేళ్ళు తాపీ పట్టినవాడు. ఇసుక జల్లెడ పట్టందే సిమెంటు మాలు కలపనిచ్చేవాడు కాదు. గోడ నిలువు చూసే తూకం గుండు వేలెడు పక్కకు జరిగితే ఆ గోడ పడగొట్టి మళ్ళీ కట్టేవాడు. మాలు మోసే దోర్ల తెగ మనిషి సన్నే పదిహేనేళ్ళుగా అతని దగ్గరే పని. "పొద్దుగాల గట్టేది నువ్వే, మాపుకు గూలగొట్టేది నువ్వే. నడుమ నా నడుం ఎందుకిరగ్గొడతవ్ మేస్త్రీ?" అని వేళాకోళం చేసేది. అతను నవ్వేవాడు గానీ గోడ మాత్రం వదిలేవాడు కాదు.

తరవాత ఊరికి మిరప వచ్చింది. మిరప వెంట మోటార్లు వచ్చాయి. కిరాణా కొట్టు వెంకమ్మ తన చేలో మొదటి బోరు వేయించింది. ఆమె చేను ఎర్రగా పండడం చూసి ఊరంతా ఎగబడింది. ఆరేళ్ళు తిరిగేసరికి ఆ ఒడ్డు వెంబడి నలభై మోటార్లు. దీపావళి దాటితే కరెంటు ఉన్నంతసేపూ నీళ్ళు తోడడమే పని.

మొదట పగిలింది కూడా వెంకమ్మ ఇల్లే. కిటికీ మూల నుంచి చూరు దాకా చెయ్యి పట్టేంత పగులు. ఆమె ఊరుకునే మనిషి కాదు. సంతలో నలుగురి మధ్య నిలబెట్టి, "నా ఇంట్ల సిమెంటు ఎటు పోయింది శ్రీరంగం? నీ కడుపులకా?" అని కడిగేసింది. అతను తల దించుకుని ఇంటికి పోయాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంకో గోడ, ఇంకో గడప, ఇంకో వసారా. ప్రతి వానాకాలమూ ఇల్లిల్లూ తిరిగి, పైసా తీసుకోకుండా పగుళ్ళు పూడ్చేవాడు. మిరప తడులు మొదలయ్యేసరికి అవి మళ్ళీ నోళ్ళు తెరిచేవి. పక్క ఊళ్ళవాళ్ళు పిలవడం మానేశారు. అన్నిటికంటే ఘోరం, ఊరి మాట అతనూ నమ్మేశాడు. ఆ సంవత్సరం బస్తాలకు చెమ్మ తగిలిందేమో, పునాది తక్కువ తవ్వానేమో అని తనలో తాను కుమిలి, చివరికి తన చేతుల మీదే నమ్మకం పోగొట్టుకున్నాడు. అలాంటి పనివాడికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది చెప్పండి!

ఒక మాఘమాసపు పొద్దున సన్నే అతని ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. మూడు రోజులుగా ఆమె పెట్ట కనబడలేదు. చివరికి ఊరి బోరింగు చప్టా కింద నుంచి కూత వినపడిందట.

"నీ చెయ్యి పొడుగు గదా, జర తియ్యి మేస్త్రీ."

ఆ చప్టా ఒడ్డుపేటలో అతని మొట్టమొదటి పని. నేలకు అంటించి కట్టాడు. ఇప్పుడది మోకాలెత్తున, చుట్టూ గడ్డి కమ్ముకుని ఉంది. వరదలకు చుట్టూ మన్ను కొట్టుకుపోయిందనేవారు కొందరు. బోరింగే పెరుగుతోందని కుంకం పెట్టేవారు ఇంకొందరు. చెయ్యి అందక ఆడవాళ్ళు ఒక బండ వేసుకుని నిలబడి కొట్టేవారు.

శ్రీరంగం గడ్డి తప్పించి, బోర్లా పడుకుని చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. భుజం దాకా పోయింది. తల వంచి చూస్తే అవతల వెలుగు. చప్టా కింద నేలే లేదు. నడుమ ఇనప పైపు ఒక్కటి, దాని పక్కన గుడ్లు పొదుగుతున్న కోడి. అతను ఎంతకీ లేవలేదు.

"ఏందయ్యా, నా కోడికి సాష్టాంగపడ్డవా?"

"చప్టా పెరగలే సన్నే," అన్నాడు మెల్లగా. "నేల దిగింది."

వరదొస్తే ఒడ్డున మన్ను పడుతుంది గానీ పోదు కదా! పైపు అడుగున రాయిలో నాటుకుని ఉంది, అందుకే అది కదల్లేదు. దాన్ని పట్టుకుని నిలిచిన చప్టాకు వెంట్రుకవాసి పగులు లేదు. గుట్ట మీద బడి కూడా అదే సిమెంటుతో కట్టాడు, దానికీ పగులు లేదు. పగిలినవన్నీ ఒడ్డుమట్టి మీద ఇళ్ళు, అవీ మోటార్లు తిరిగే రోజుల్లోనే. పొయ్యి మీద తోటకూర అణిగినట్టు, నీళ్ళు లాగేసిన కొద్దీ కింద మన్ను అణిగిపోతోంది.

వెళ్ళి వెంకమ్మను పిలిచాడు. ఆమె దారి పొడుగునా సణుగుతూనే వచ్చింది. చెయ్యి పెట్టి చూడమన్నాడు. చూసింది. లేచి కూర్చుంది.

"అయితే నీ సిమెంటు?"

"చప్టా చూడక్కా. పగిలిందా?"

"మరి నా గోడ?"

శ్రీరంగం ఆమె చేలో మోటారు వైపు చూశాడు. వెంకమ్మ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఇక ఈ జన్మకు ఒప్పుకోదనుకున్నాడు.

సంతరోజు ఆమె మళ్ళీ అదే చోట నిలబడి గొంతెత్తింది. "ఇనుండ్రి! గల్తీ నాది. మేస్త్రి సిమెంటు తినలే. మన మోటర్లే మన కిందికెళ్ళి నీళ్ళు గుంజి నేలను కుంగబెట్టినయ్. రేపటి సంది నా మోటరు బంద్. మీరేం జేస్తరో మీ ఇష్టం!"

సన్నే కళ్ళొత్తుకుంది. ఇన్నేళ్ళ తరవాత శ్రీరంగం తలెత్తి మనుషుల మొహాలు చూశాడు.

వెంకమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండగా అంతకు ముందెవరూ వినలేదు. "ఇగ జెప్పు తమ్మీ. మోటరు బంద్ జేసిన. నేల ఎప్పుడు లేస్తది? నా ఇల్లు ఎప్పుడు మంచిగైతది?"

"లేవదక్కా," అన్నాడు. "కుంగింది కుంగిందే. ఇంక కుంగకుండ జూసుకునుడే."

శ్రీరంగం అంతమంది ముందే బావురుమన్నాడు.

"నా తప్పే అయితే ఎంత బాగుండునక్కా! ఎట్లనో గట్ల నేనే దిద్దేటోణ్ణి."