కాంటెస్సాకు మహాదేవి కట్టిన వెల

బేతంచెర్ల రైల్వే స్టేషన్ అవతల నాపరాళ్లకు పాలిష్ పట్టే చిన్న షెడ్డు మహాదేవిది. ఒకప్పుడు అదే షెడ్డులో కూలికి రాళ్లు మోసింది. తర్వాత పాత మిషన్ ఒకటి అద్దెకు తీసుకుంది, కొన్నాళ్లకు దాన్నే కొనేసింది, దాని పక్కన ఇంకొకటి పెట్టింది. భర్త వీరభద్ర లారీ డ్రైవరు. మోకాళ్లు సహకరించక లారీ దిగిపోయి, ఇప్పుడు షెడ్డులో లోడింగ్ చూసుకుంటున్నాడు. మహాదేవికి ట్రాక్టర్ మొదలుకొని లారీ దాకా స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆయనే.

నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె ఒక పాత కారు మీద మనసు పారేసుకుంది.

రాయచోటిలో పప్పుల టోకు వ్యాపారం చేసే శివప్రసాద్ కొత్త ఇంటికి రాళ్లు పంపి, పరిచిన తీరు చూసుకోవడానికి వెళ్లిందామె. మాటల్లో మాటగా అతను తన గోడౌన్‌లోకి తీసుకెళ్లాడు. అక్కడ కంది బస్తాల వెనక, చిరిగిన టార్పాలిన్ కింద ఒక కాంటెస్సా ఉంది. పొడుగాటి మూతి, వెడల్పాటి నడుము, కండలు తిరిగిన వస్తాదు కూర్చున్నట్టు నేలను పట్టుకుని ఉంది. నాలుగు టైర్లూ చదునైపోయాయి. ముందు లైట్లలో ఒకటి గుడ్డిది. మహాదేవి టార్పాలిన్ ఎత్తి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

"ఇది నడస్తాదా ప్రసాదప్పా?"

"యాడ నడిచేది అక్కా! మా నాయన పోయినాక దీన్ని ముట్టుకున్నోడు లేడు. పాత ఇనుప సామాన్లోడికి ఏద్దామనుకుంటాండా."

"నాకిస్తావా?"

"నువ్వేం జేసుకుంటావు?"

"తోలుకుంటా."

శివప్రసాద్ నవ్వాడు. కానీ ఆమె బేతంచెర్ల చేరేలోపే ఆ ఇనుముకు ధర పుట్టింది. అతను ఫోన్‌లో వెతికితే, కొత్తగా తళతళలాడుతున్న కాంటెస్సాలు, వాటి కింద లక్షల్లో ధరలు కనిపించాయట. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అక్కా, దీనికోసం హైదరాబాదోళ్లు పడి సస్తాండారంట. నువ్వు కాబట్టి ఆరు లక్షలకిస్తా."

ఆ మాట వీరభద్ర చెవిన పడింది. "ఆరు లక్షలు పెడితే పలికే కారే వస్తాది. ఈ మూగదాన్ని తెచ్చి ఏం జేస్తావే?" అన్నాడు. బంధువులు ఇంకో అడుగు ముందుకేశారు. మీ నాయనకు ఇట్లాంటి బండి ఉండేదా అని ఒకరు, పంతం కోసం కొంటున్నావా అని ఒకరు ఆరా తీశారు. మహాదేవి దగ్గర చెప్పుకోదగ్గ కథ ఏదీ లేదు.

"నచ్చింది. మీకు బంగారం నచ్చల్యా? అది ఎందుకు నచ్చిందని మిమ్మల్ని ఎవురన్నా అడిగినారా?" అంది.

నచ్చింది కదా అని దోపిడీకి తల ఒగ్గే మనిషి కాదు. కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర పాత అంబాసిడర్లు, జీపులు బాగుచేసే జయరాజ్‌ను వెంటబెట్టుకుని రాయచోటి వెళ్లింది. జయరాజ్ గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. స్క్రూడ్రైవర్‌తో అడుగు రేకును పొడుచుకుంటూ పోయాడు. డ్రైవరు సీటు కింద అది అప్పడంలా విరిగింది. ఇంజన్ పట్టేసి ఉంది. అయితే అద్దాలన్నీ బాగున్నాయి, కాగితాలు ఉన్నాయి. బయటికొచ్చి టీ బంకు దగ్గర కూర్చున్నాక చెప్పాడు.

"బాగైన బండి ధర కాన్నుంచి వెనక్కి రావాలక్కా. అది ఎంత జేస్తాదో అందులోంచి నా ఖర్సు తీసెయ్. ఆ ఖర్సులో ఇంకో సగం గూడా తీసెయ్. ఆ మిగిలిందే నువ్వు ఇయ్యాల్సింది."

"ఇంకో సగం ఎందుకప్పా?"

"రేకు ఇప్పినాకే గదా లోపలి జబ్బు తెలిసేది."

మహాదేవికి విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. రాయి కూడా అంతే. మిషన్ కింద పెట్టేదాకా పగులు దాచుకునే ఉంటుంది. ఇద్దరూ లెక్క వేస్తే లక్షా ఇరవై వేలు తేలింది. ఆమె గోడౌన్‌లోకి వెళ్లి ఆ మాటే చెప్పింది.

శివప్రసాద్ మొహం ఎర్రబడింది. "రాళ్లు రుద్దుకునేదానివి, నీకేం తెలుసక్కా వీటి ఇలువ?"

హమాలీలు బస్తాలు దించడం ఆపి ఇటు చూశారు. మహాదేవి గొంతు తగ్గించలేదు.

"అవునప్పా, రాళ్లు రుద్దేదాన్నే. పాలిష్ పట్టని రాయికి పట్టిన రాయి ధర చెప్పినానంటే నువ్వు నా షెడ్డులో ఒక్క రాయన్నా కొంటాంటివా? నువ్వు అడుగుతాండేది పాలిష్ పట్టిన ధర. ఆ పాలిష్ పట్టేది నేను. దానికి దుడ్లు పెట్టేదీ నేనే. మళ్లీ నీకెందుకు కట్టాల?"

"బెంగళూరు నుంచి ఒకాయన వస్తాండాడు. ఆయన ఇస్తాడులే."

"రానీ. ఆయనకే ఇయ్యి."

అనేసి వచ్చేసిందే గానీ, తిరుగు దారి పొడుగునా ఆమె మనసు ఆ గోడౌన్‌లోనే ఉంది. తర్వాత కూడా రాళ్ల బేరాలు చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయేది. ఫోన్ మోగినప్పుడల్లా మిషన్ చప్పుడు వదిలి బయటికి పరిగెత్తేది. ఇదంతా చూస్తూ వచ్చిన వీరభద్ర ఒకరోజు అన్నం దగ్గర మెత్తబడ్డాడు.

"అంత మనసు పడినదానివి, ఇంకో యాభై వేలు ఏసి తెచ్చుకోరాదా? నేనేమనను."

"ఆ యాభై దేనికి?"

"నచ్చిందని."

"నచ్చిందని ఎక్కువిస్తే, నచ్చడం నేను చేసిన తప్పయినట్ల. జుర్మానా కట్టేదానికి నేనేం తప్పు జేయలే," అంది మహాదేవి.

వానాకాలం గడిచింది. బెంగళూరు ఆయన నిజంగానే వచ్చాడట, స్క్రూడ్రైవర్ అవసరం లేకుండానే చూసి వెళ్లిపోయాడట. శివప్రసాద్ ఫోన్ చేసి లక్షన్నరకు దిగాడు. ఆమె లక్షా ఇరవై అంది. రెండు రోజులాగి, సరే తీసుకుపొమ్మన్నాడు.

మినీ లారీ మాట్లాడుకుని వెళ్లేసరికి ముందు అద్దం మీద ఒక మూల నుంచి ఇంకో మూల దాకా పగులు. బస్తాలు జారి పడ్డాయని హమాలీ ఒకడు నోరు జారాడు. ఆ అద్దం వెతికి తేవడం ఎంత కష్టమో జయరాజ్ ముందే చెప్పి ఉన్నాడు.

"పది తగ్గించు ప్రసాదప్పా."

"బండి ఎక్కించేటప్పుడు బేరమా! ఇంత మొండిదానివేందక్కా నువ్వు?"

"మొండిదాన్నే. అద్దం బాగున్నప్పుడు అడిగిన ధర అది. ఇప్పుడు అద్దం లే."

శివప్రసాద్ హమాలీని తిట్టాడు, ఎండను తిట్టాడు, చివరికి పది తగ్గించాడు.

బండి కర్నూలు చేరాక అసలు పరీక్ష మొదలైంది. తలుపుల కింది రేకు విప్పితే లోపల తుప్పు తప్ప ఇంకేమీ లేదు. జయరాజ్ చెప్పిన ఖర్చూ, దాని మీద కలుపుకున్న సగమూ దాటిపోయాయి. షెడ్డుకు కొనాలనుకున్న కొత్త మిషన్ మరుసటి ఏడాదికి వాయిదా పడింది. ముందు లైటు కోసం వీరభద్ర హైదరాబాదు పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, దొరికినదాన్ని తువ్వాలులో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మోకాళ్ల నొప్పితో రెండు రోజులు మంచం దిగలేదు. అయినా ఆ లైటు తనే బిగిస్తానని పట్టుబట్టాడు.

రంగు మాట వచ్చినప్పుడు మహాదేవి షెడ్డు నుంచి ఒక నాపరాయి ముక్క తీసుకెళ్లి, దాని మీద నీళ్లు పోసి చూపించింది. "ఈ రంగు కొట్టు," అంది.

ఏడాదిన్నరకు బండి బయటికొచ్చింది. ఊళ్లో అడిగినవాళ్లకు అడిగినట్టే అయిన ఖర్చంతా చెప్పింది, ఒక్క రూపాయి దాచలేదు. అమ్మితే అంత రాదని తేల్చిన పక్క ఫ్యాక్టరీ రామాంజి ఆమెను ఇరికించాలని చూశాడు.

"అయితే లెక్క తప్పినట్లే గదా వదినా?"

"కొన్న లెక్క తప్పలే. బాగుచేసే లెక్క తప్పింది. దిగినాక వెనక్కి రాబుద్ది కాలే. నీకేమన్నా నొప్పా?"

రామాంజికి నొప్పేమీ లేదు. బండి చుట్టూ రెండు సార్లు తిరిగి, కూర్చోవచ్చా అని అడిగాడు.

కడప నుంచి రాయచోటి పోయే ఘాట్‌లో మొన్న ఎండాకాలం, చెయ్యెత్తు ఆవిరి కక్కుతూ ఒక పొడుగాటి బూడిదరంగు బండి రోడ్డు పక్కన ఆగి ఉంది. ఇంజన్ మూత ఎత్తి పెట్టి ఉంది. మహాదేవి రాయి మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. రాయచోటిలో ఇంకో ఇంటికి కొలతలు తీసుకోవడానికి పోతోంది. పక్కన వీరభద్ర రేడియేటర్ వైపు చెయ్యి పెట్టబోతే, "ఇంకా సల్లారలే, ఆగు," అని కసిరింది.

పైనుంచి దిగుతున్న లారీ ఒకటి మెల్లగా ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి వీరభద్రను అడిగాడు.

"ఏమన్నా, ఈ వయసు బండిని ఘాట్ ఎక్కిస్తాండావే! ఎంతకు కొంటివి?"

వీరభద్ర బొటనవేలితో భార్యను చూపించాడు. "నన్నడుగుతావేంది? బండి ఆమెది, తోలేదీ ఆమె."

లారీ డ్రైవరు మహాదేవి వైపు తిరిగాడు. ఆమె మూతి తుడుచుకుని లేచింది.

"లక్షా పదికి కొన్న్యా. అమ్మినాయన ఆరు చెప్పె, నేను ఇయ్యలే," అంది. రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేసి తిప్పింది, క్యాన్‌లో నీళ్లు పోసింది, చేతులు చీరకు తుడుచుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. వీరభద్ర ఇంజన్ మూత దించి పక్క సీట్లోకి ఎక్కాడు. ఇంజన్ రెండోసారికి అందుకుంది. లారీవాడు ఇంకా ఏదో అడుగుతూనే ఉన్నాడు. బండి మలుపు తిరిగి పైకి పోయింది.