లచ్చవ్వ అడిగింది నొప్పి తగ్గే మందే

నిన్న పొద్దున స్కూల్లో అటెండెన్స్ తీసుకుంటుంటే బాపు ఫోన్.

"అవ్వ పోయింది బిడ్డా."

నాకు ఏడుపు రాలేదు.

ఇక అవ్వకు మళ్లీ నొప్పి రాదు. మొదట అనిపించింది అదే.

నన్ను పెంచిన మనిషి చనిపోయిందని విని ఊపిరి పీల్చుకున్నాను. ఆ సిగ్గుతోనే, ఆ కోపంతోనే ఈ పోస్ట్ రాస్తున్నాను.

మా బాపు తల్లి లచ్చవ్వ. తొంభై ఏళ్లు. నల్లగొండ పల్లెలో బతికి, నన్నూ అక్కడే పెంచి, చివరికి జడ్చర్లలో మా దగ్గరికి వచ్చింది.

సాయుధ పోరాటం రోజుల్లో ఆమె కొత్త కోడలు. ఒక మధ్యాహ్నం దొర గడీ దగ్గర కాల్పులు జరిగాయి. దొరల మీద పోరాడే సంఘం మనిషి ఒకాయనకు తొడలో గుండు దిగింది. గడీ కావలివాడికి ఛాతీలో తగిలింది. ఇద్దరినీ అవ్వ వాళ్ల పశువుల కొట్టంలో పడుకోబెట్టారు.

సంఘానికి సాయం చేసే కంపౌండర్ వచ్చాడు. ఆయన సంచిలో మార్ఫిన్ సూదిమందు ఒక్కటే ఉంది. సంఘం మనిషికి ఇవ్వబోతుంటే అవ్వ అడ్డం పోయింది.

"ఇద్దరికీ సగం సగం ఇయ్యి."

"వాడు గడీ మనిషి."

"గడీ మనిషైతే నొప్పి తక్కువుంటదా? ఎట్ల కొట్టుకుంటుండో సూడు."

తొడ పట్టుకుని పడున్న సంఘం మనిషే "ఇయ్యుండ్రి" అన్నాడట.

ఆయన బతికాడు. కావలివాడు పొద్దు గూకకముందే పోయాడు. కానీ అరుస్తూ పోలేదు. వాళ్ల అమ్మ పేరు, ఊరి పేరు అవ్వకు చెప్పి పోయాడు. అవ్వ ఆ ఊరికి కబురు పంపింది.

పోయిన వానాకాలం అవ్వకు ఎముకల్లో క్యాన్సర్ అని తేలింది. నయం కాదన్నారు. ఆమె డాక్టర్‌ని ఒక్కటే అడిగింది.

"బతికియ్యమంట లేను సారూ. నొప్పి తగ్గియ్యుండ్రి."

మార్ఫిన్ తమ దగ్గర ఉండదన్నారు. లైసెన్స్ లేదట.

ఇంకో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టర్ "మార్ఫిన్ అలవాటైపోతుందమ్మా" అన్నాడు.

"తొంభై ఏళ్ల మనిషికా సార్?"

ఫైలు మూసి పారాసిటమాల్ రాశాడు.

పోలీసులకు దొరక్కుండా తిరిగిన కంపౌండర్ సంచిలో ఉన్న మందు, ఏసీ దవాఖానలో లేదు.

జడ్చర్ల చుట్టూ మందుల ఫ్యాక్టరీలే. వాటి ముందు నుంచే అవ్వను కారులో తిప్పాం. గుంత వచ్చినప్పుడల్లా నా మణికట్టు పట్టుకునేది. ఆ గోళ్ల గాట్లు ఇంకా మానలేదు.

మూడు నెలలు అరిచింది. పక్కింటివాళ్లు టీవీ సౌండ్ పెంచుకునేవాళ్లు. వాళ్లను తప్పు పట్టను.

చివరికి హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పి తగ్గించే వైద్యం, చూసే ఒక డాక్టరమ్మ దొరికింది. మార్ఫిన్ మాత్రలిచ్చి, ఎప్పుడెంత వెయ్యాలో, ఏం జాగ్రత్త పడాలో కూర్చోబెట్టి చెప్పింది.

రెండో రోజుకి అవ్వ లేచి కూర్చుంది. జొన్నరొట్టె అడిగింది. రొట్టె మాడిందని మా అమ్మను తిట్టింది. అమ్మ నవ్వుతూ ఏడ్చింది.

అట్లా ఐదు రోజులు. అంతే.

"వయసైపోయింది కదా" అని దయచేసి కామెంట్ పెట్టకండి. పోయింది వయసైపోయి, సరే. అరిచింది మాత్రం మందు ఇవ్వనందుకు.

మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా ఉంటే పాలియేటివ్ కేర్ ఎక్కడుందో అడగండి. బతిమాలకండి. గట్టిగా అడగండి.

పోయి రా అవ్వా. ఇగ నిమ్మలంగా పండుకో.