కొంపలు కూల్చే క్లెమెన్స్

క్లెమెన్స్ చేతికి పెన్సిలిస్తే చాలు, నిక్షేపంలా ఉన్న ఇల్లు కూలిపోవలసిందే. ఆ జర్మన్ చిత్రకారుడు ఏటా వసంతంలో రోము నుంచి గాడిద మీద కొండెక్కి రోక్కమోరా ఊరు చేరి, అసుంత నడిపే పూటకూళ్ళ ఇంట్లో దిగేవాడు. మర్నాటికి ఊరు సగం కూలేది, కాగితం మీద.

"గోడ తిన్నగా ఉంటే చూడ్డానికేముందమ్మా?" అనేవాడు.

పాదిరీగారి చర్చి గంటస్తంభం నెత్తిన అంజూరపు చెట్టు మొలిపించాడు. ఆయన రెండాదివారాలు పలకరించలేదు. ఇలా కాదని పోయినేడు అతను వచ్చేలోగా ఊరంతా పోటీపడి సున్నాలు కొట్టుకుంది. క్లెమెన్స్ తల పట్టుకున్నాడు. మూడు రోజులు తిండి సహించలేదు. నాలుగో రోజున కొత్త సున్నం మీదే బీటలు గీశాడు.

"నా ఇంటి కప్పేదయ్యా?" అనేది అసుంత. "చెవిపోగులమ్మి వేయించిన పెంకులవి."

"ఉంటే వెనక కొండ కనపడదమ్మా."

"కొండ కావాలంటే పెరట్లోకెళ్ళి చూసుకో. నా కొంప తియ్యకు."

ఈ యేడు ఆదివారం అసుంత కూతురు రోసాల్బా పెళ్ళి. గురువారం పిడుగులాంటి కబురొచ్చింది. పోపుగారి సిపాయిలు నలభైమంది బస వెతుక్కుంటూ వస్తున్నారట. కిందటిసారి వాళ్ళు మూడు నెలలు తిష్ఠవేసి తలుపులు పీకి పొయ్యిలో పెట్టారు. ఊళ్ళో పెద్ద ఇల్లు అసుంతదే.

శుక్రవారం కొండంతా పొగమంచు కమ్మి, కింద నుంచి ఊరు కనపడటం లేదు. క్లెమెన్స్‌కి సద్ది పట్టుకుని అసుంత కొండ కిందికి దిగేసరికి, అతని ముందు గుర్రం మీద కెప్టెన్. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది.

"పైన బసకి ఇళ్ళున్నాయా?" అన్నాడు కెప్టెన్.

క్లెమెన్స్ గీస్తున్న కాగితాన్ని తన కింద వేసుకుని కూర్చుని, బొమ్మల పుస్తకం అందించాడు. చెట్టు మొలిచిన గంటస్తంభం. బీటలువారిన వీధి. కప్పులేని పూటకూళ్ళిల్లు.

"భూకంపమా?"

"నేను బొమ్మలు గీసేవాణ్ణి దొరా. నాకు కనపడింది గీస్తాను."

కెప్టెన్ అసుంత వంక చూశాడు. ఆవిడ ఎలాగూ ఏడుస్తూనే ఉంది. "పాపం," అని పుస్తకం తిరిగిచ్చి గుర్రం వెనక్కి తిప్పాడు.

డెక్కల చప్పుడు ఆగాక అసుంత కళ్ళు తుడుచుకుంది. "లేవయ్యా. కిందేం దాచావు?"

నలిగిన కాగితం. పెళ్ళికూతురికి కానుకట. అందులో పూటకూళ్ళిల్లు, పెంకు పెంకుతో సహా, నిటారుగా నిలబడి ఉంది.

"అయితే నీకు కప్పులెయ్యడం వచ్చన్నమాట."

"నాలుగేళ్ళుగా ఆ కప్పు కిందే తింటున్నాను కదమ్మా."

అసుంత కాగితాన్ని గుండెలకి హత్తుకుని, సద్దిమూట అతని ముందు పెట్టింది. పుస్తకం తిరగేసి, కప్పులేని తన ఇంటి బొమ్మ మీద ఒకచోట వేలు పెట్టింది.

"ఈ వసారా ఇంకా నిలబడే ఉంది నాయనా. తిని, అది కూడా కూల్చెయ్."