పెద్దమ్మ పొయ్యిలో మూడో పట్టిక

మొన్న సోమవారం వికారాబాద్‌లో రైలెక్కి లింగంపల్లి దాకా నిలబడే పోయాను. అక్కణ్నుంచి బస్సు, బస్సు దిగాక విశ్వవిద్యాలయం గేటు నుంచి మా వృక్షశాస్త్ర విభాగం దాకా నడక. పదవీ విరమణకు ఇంకా నాలుగు నెలలు ఉంది. మోకాళ్లు మాత్రం ముందే రిటైరైనట్టున్నాయి. గదిలోకి పోయేసరికి నా చివరి పరిశోధక విద్యార్థిని ల్యాప్‌టాప్ ముందు దిగాలుగా కూర్చుని ఉంది. కుల్కచర్ల అమ్మాయి, వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. పరిశోధనలో మన ఎదుగుదల అని పైవాళ్లు ఒక పెద్ద పుస్తకం వేస్తున్నారు. అందుకని అందరి పట్టికలూ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఈ పిల్ల పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంది. పోయిన ఏడు కందిచేను పూతమీదున్నప్పుడు పచ్చకామెర్లతో పడిపోయి, ఒక పక్షం ఎండిన మొక్కలు లెక్కపెట్టలేకపోయింది. ఎండు తెగులు ఎక్కువ మొక్కల్ని తీసుకుపోయేది సరిగ్గా ఆ పక్షంలోనే. ఆ లెక్క లేకపోతే ఆ ఏడు పంటంతా దండగే, మళ్లీ ఒక పంట వెయ్యాలి. ఫెలోషిప్పు చూస్తే వచ్చే నెలతో ఆఖరు.

"గీ గడి నింపకుంటే ముందుకు పోతలేదు సార్. ముందటి లెక్క, ఎనుకటి లెక్క చూసి నడిమిట్ల ఏదన్న వెయ్యాల్నా?" అంది. నిజం చెబుతున్నాను, 'వెయ్యమ్మా' అనే మాట నాలుక చివరదాకా వచ్చింది. నేను చెడ్డవాణ్నయి కాదు, అలిసిపోయి. పొద్దున ఐదింటికి లేచిన మనిషికి పదకొండింటికి న్యాయం, ధర్మం గుర్తుండడం కష్టం. ఒక్క నిమిషం ఆగమన్నాను. ఆ నిమిషంలో మా పెద్దమ్మ గుర్తుకొచ్చింది.

నేను పరిశోధనలో చేరిన రోజుల్లో ఈ అద్దాల భవనం లేదు, లిఫ్టు లేదు, పరిశోధనకని వేరే ఆఫీసూ లేదు. మెట్లకింద ఒక గది, అందులో మేం ఐదుగురం, అందరికీ కలిపి ఒక సూక్ష్మదర్శిని. దాని ముందు కూర్చోవడానికి రేషన్ దుకాణంలోలాగా వరస కట్టేవాళ్లం. వర్షాకాలం గోడలమీద మేం పెంచని బూజు, గాజు పళ్లేల్లో మేం పెంచిన బూజు, రెండూ పోటీపడేవి. మాది తాండూరు వైపు. ఊళ్లో అడుగుపెడితే నాపరాయి కోసే దుమ్ము, మండీలో కందులు, ఈ రెండే వాసనలు. అందుకని మా సార్ నాకు కంది ఎండు తెగులు అప్పగించాడు. సార్ తక్కువ మాటల మనిషి. ఎవరైనా పొగిడితే చెప్పుల వంక చూసుకునేవాడు. ఏ రకం తెగులుకు తట్టుకుంటుందో తెలియాలంటే తెగులు పట్టిన నేల కావాలి. బషీరాబాద్ దగ్గర మా పెద్దమ్మకు, అంటే మా అమ్మ అక్కకు, సరిగ్గా అలాంటి చెక్క ఒకటి ఉండేది. ఏం వేసినా సగం ఎండిపోయే ఆ భూమిని అడిగితే, "దాంతోని నీకేం పనిరా, మంచి చెక్క తీస్కో" అని రెండురోజులు నాతో కొట్లాడి చివరికి ఇచ్చింది.

రెండేళ్లు బాగానే నడిచింది. పదిహేను రోజులకొకసారి రైలు దిగి, పంచుకునే ఆటో ఎక్కి, తెలుగు సగం కన్నడం సగం మాట్లాడే మనుషుల మధ్య ఇరుక్కుని పోయి, ఎండిన మొక్కలు లెక్కపెట్టి వచ్చి, ఏడుకొక పట్టిక రాసేవాణ్ని. మూడో ఏడు, అదే ఆఖరి ఏడు, పూత మీద సార్ తానే చూస్తానన్నాడు. ఆ సంగతి ముందుగా పెద్దమ్మకు చెప్పడమే నేను చేసిన తప్పు.

మేం వెళ్లేసరికి చేను పెండ్లివారి వాకిలిలా ఉంది. ఒక్క ఎండిన మొక్క లేదు. ఎండినవాటితోబాటు వాడినవి, పీలగా ఉన్నవి, చూపుకు నదరుగా లేనివి అన్నీ పీకేసింది. ఇక సందులు లెక్కపెట్టినా ఏది తెగులుతో పోయిందో, ఏది పెద్దమ్మ చేతిలో పోయిందో తెలిసే దారి లేదు. నేను లెక్కల పుస్తకం మూసేశాను. పెద్దమ్మ మాత్రం కొత్త చీర కట్టుకుని మురిసిపోతోంది. "పట్నంకెల్లి సార్ వస్తుంటే సచ్చిన చెట్లు సూపెడ్తమా?" అంది. సార్ పీటమీద కూర్చుని జొన్నరొట్టె, కందిపప్పు తిన్నాడు, పప్పు రెండోసారి కూడా వేయించుకున్నాడు. చేయి కడుక్కుంటూ, పీకిన కట్టె ఏం చేశారమ్మా అని మెల్లగా అడిగాడు. "గా పొయ్యిలనే ఉన్నది సారూ. గదాంతోనే వండిన. మస్తుగ మండింది" అంది పెద్దమ్మ.

తిరుగు రైల్లో తాండూరు దాటాక సార్ నోరు విప్పాడు. "మన మూడో పట్టిక మనమే తిన్నమయ్యా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా ఫెలోషిప్పు కూడా ఆ ఏటితో ఆఖరే. ముందు లెక్కలు ఉన్నాయి, అందాజాగా వెయ్యగలను అన్నాను. సార్ కిటికీలోంచి చూస్తూ, "అందాజ చెప్పనీకి యూనివర్సిటీ ఎందుకు? మీ పెద్దమ్మ చెప్తది" అన్నాడు. ఆయన చెప్పినట్టే గడి ఖాళీగా వదిలి, కింద ఒక వాక్యం రాశాను: 'అతిథులు వస్తున్నారని రైతు చేను శుభ్రం చేసినందువల్ల ఈ పక్షం లెక్క లేదు.' నా సిద్ధాంతగ్రంథంలో అది ఇప్పటికీ ఉంది. మళ్లీ పంట వెయ్యాల్సి వచ్చి నాకు ఒక ఏడు పోయింది. సార్‌మీద చాలాకాలం కోపం ఉండేది.

ఆ నాలుగో ఏడు నేను బషీరాబాద్‌లోనే ఉన్నాను. జరిగింది తెలిశాక పెద్దమ్మ రెండురోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత పాత ఎర్రచీర చింపి, ఎండిన ప్రతి మొక్కకూ పేలిక కట్టడం మొదలుపెట్టింది. "సచ్చిన చెట్లను దాసిపెట్టుడేం సదువు కొడుకా" అని గొణుగుతూనే మేకల్ని తోలింది, పుల్లలకోసం వచ్చినవాళ్లతో తగువాడింది. ఏ మొక్క ఎల్లుండి వాడుతుందో మధ్యాహ్నపుటెండలో ఆకు వాలు చూసి చెప్పేది. పది చెబితే ఎనిమిది నిజమయ్యేవి. నా గ్రంథంలో పనికొచ్చే అధ్యాయం ఏదన్నా ఉంటే అది ఆమె చూపులోంచి వచ్చిందే.

ఇంత సేపూ ఆ పిల్ల నా మొహం చూస్తూ ఉంది. గడి ఖాళీగా వదలొచ్చా అని పరిశోధన ఆఫీసుకు ఫోన్ చేశాను. "సున్నా కొట్టండి సార్, కంప్యూటర్ తీసుకుంటది" అన్నాడు అక్కడి అబ్బాయి. సున్నా అంటే ఏ మొక్కా చావలేదని, ఖాళీ అంటే మేం చూడలేదని. ఇది చెప్పడానికి నాకు పదినిమిషాలు పట్టింది, అతనికి అర్థమైనట్టు లేదు. ఆ పట్టిక పుస్తకంలోకి పోలేదు. ఖాళీగానే వదిలెయ్ బిడ్డా, కామెర్లొచ్చాయని కింద రాయి, ఇంకో పంట వేద్దాం అన్నాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఏడాదంత ఇంట్ల ఏం చెప్పాలె సార్?" అంది.

సాయంత్రం రైల్లో సీటు దొరికింది. నా పేరుతో వచ్చిన వ్యాసాలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుందామని చూశాను. శంకరపల్లి దాటేసరికి పేర్లు కలగాపులగమయ్యాయి, ఏది ఏ ఏడాదిదో తెలియలేదు. ఈ అమ్మాయికి ఏం మిగులుతుందో నేను మాట ఇవ్వలేను. నాకు మాత్రం ముప్పై ఏళ్ల పనిలో, ఏ రోజు ఎండ కాసిందో ఏ మొక్కకు పేలిక కట్టామో రోజువారీగా గుర్తున్నది, దండగైందని నేను ఏడ్చిన ఆ ఒక్క ఏడే.